బీరపందిరికి బూటు

మారికుప్పం,
ఫిబ్రవరి 2, 2025. ఆదివారం.

అలివేలత్తకు,

నా తోటకు అవమానం జరిగింది. చేసినవాడు మా ఎదురింటి పురుషోత్తమ్. పేరు దాచి రాయడం నాకు చేతకాదు.

ఈ పొద్దున తలుపు తీసి చూస్తే నా బీరపందిరికి బూటు వేలాడుతోంది. చెప్పు అయినా కాదు, బూటు. గనిలోకి దిగేవాళ్ళు వేసుకునే రకం. మొనకు ఇనుప రేకు, పగిలిన తోలు, మడమ అరిగి ఒక పక్కకు ఒరిగిపోయింది. గని మూతపడ్డాకే నేను పుట్టాను. ఇన్నేళ్ళయినా ఆ బూట్లను గూట్లో పెట్టుకుని దుమ్ము దులిపే మనిషి మా గని కూలీల ఇళ్ళ లైన్‌లో ఆయనొక్కడే. ఇనుప తీగతో మెలితిప్పి మరీ కట్టాడు. ఎక్కడ కట్టాడనుకున్నావు? 'ఇది అందరి తోట' అని నీలం రంగుతో కన్నడంలో, తమిళంలో, తెలుగులో రాసి పెట్టాను కదా ఒక బోర్డు, సరిగ్గా దాని నెత్తిన.

ఎందుకు చేశాడో నాకు తెలుసు. పోయిన వారం నల్లి దగ్గర కుళాయి నీళ్ళకు నిలబడి నేను అందరికీ చెబుతున్నాను, మన రెండు వరసల ఇళ్ళ మధ్య ఇంత నేల ముళ్ళకంపలకు వదిలేశాం, తలా ఒక మడి వేసుకుంటే సంతకు పోయే పనే ఉండదని. వాడు బిందె మీద చెయ్యి పెట్టుకుని నవ్వాడు. "ఈ నేల్లో బంగారం తీసినాము పాపా. బీరకాయ యాడ తీస్తావు?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను ఊరుకుంటానా? "మీరు తీసిన బంగారం ఎవరింటికి పోయింది తాతా? నా బీరకాయైతే మీ ఇంటికే వస్తుంది" అన్నాను. నవ్వు ఆగిపోయింది. బిందె నిండకముందే ఎత్తుకుని వెళ్ళిపోయాడు. దానికి జవాబే ఈ బూటు.

ఫోన్లో చెప్పవచ్చు కదా అంటావేమో. ఫోన్లో నేను అరుస్తానని, కాగితం మీదైతే కాస్త ఆలోచిస్తానని నువ్వే అన్నావు. అదీగాక, బడిలో కన్నడం తప్ప నేర్పని నాకు వేసవి సెలవుల్లో పక్కన కూర్చోబెట్టుకుని నువ్వు దిద్దించిన అక్షరాలు తుప్పు పట్టకూడదు. అందుకని రాస్తున్నాను. ఆలోచన మాత్రం రావడం లేదు, కోపమే వస్తోంది.

తోట సంగతులు రాయకపోతే నువ్వు ఉత్తరం సగంలో పక్కన పెట్టేస్తావు. మామ గోనెసంచుల్లో కట్టి మారికుప్పం బండిలో తెచ్చిన మీ లక్కూరు ఎర్రమట్టి, మేకల ఎరువు బ్రహ్మాండంగా పనిచేశాయి. ఆ రోజు రైలు పెట్టెలో వాళ్ళు ముక్కులు మూసుకుని మామను తిట్టిన తిట్లు అమ్మ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. ఇక్కడి బూడిద నేలను నమ్మలేక ఇటుకలతో మడులు కట్టి వాటిలో మీ మట్టి పోశాను. మెంతికూర కోసిన కొద్దీ వస్తోంది. వంకాయలు ఆకుల చాటున దాక్కుని, వెతికితే వేలికి చల్లగా తగులుతాయి. నువ్విచ్చిన కనకాంబరం కొమ్మలు నాటుకున్నాయి. ఇక బీరపూలు నేను సాయంత్రం రైలు దిగి ఇంటికి చేరే వేళకు విచ్చుకుంటూ ఉంటాయి. బెంగళూరులో పొద్దంతా ఎవరెవరివో పేర్లూ చిరునామాలూ కంప్యూటర్‌లోకి ఎక్కించి వచ్చిన కళ్ళకు ఆ పసుపు ఎలా ఉంటుందో నాకు రాయడం రాదు. టమాటా ఆకు నలిపి వేళ్ళు వాసన చూసుకుంటాను. "ఆ చేత్తోనే ముద్ద తింటావా?" అంటుంది అమ్మ. తింటాను. రాగిముద్దకు ఆ వాసన తోడైతే పక్కన పులుసు కూడా అక్కర్లేదు.

అలాంటి తోట అత్తా. దానికి బూటు.

నేనింకా దాన్ని తీయలేదు. సాక్ష్యంగా ఉండాలి. వచ్చే ఆదివారం నల్లి దగ్గర అందరూ ఉన్నప్పుడు తీసేసి ఒక నోటీసు చదివి అంటిస్తాను. శ్రమను వెక్కిరించేవాళ్ళను ఊరికే వదిలేస్తే అది వాళ్ళకు అలవాటవుతుందని రైల్లో చదివిన ఒక చిన్న పుస్తకంలో ఉంది.

కోపంతో (నీ మీద కాదు),
ధన్య

*

లక్కూరు,
ఫిబ్రవరి 7, 2025.

ధన్యమ్మకు అత్త ఆశీస్సులు.

ఉత్తరం నిన్న చేరింది. మీ మామకు చదివి వినిపించాను. బూటు దగ్గరకు వచ్చేసరికి ఆయన పకపకా నవ్వి, "మన పాపకు ఇంగ పేరు వచ్చేసినట్లే" అన్నారు. పాలు పోయడానికి డెయిరీకి పోయి అక్కడ కూడా చెప్పుకొచ్చారు.

ముందు నాకు నచ్చని మాట ఒకటి చెబుతాను. ఉత్తరం మొదట్లో 'ఆయన' అని రాసి, కిందికి వచ్చేసరికి 'వాడు' అని రాశావు. నీ తాత వయసు మనిషి. ఇంకోసారి అలా రాస్తే ఎర్రసిరాతో దిద్ది పంపుతాను.

బూటు మాత్రం తీయవద్దు. కట్టినచోటే ఉండనీ. పందిరికి వచ్చిన మొదటి కాయ కోసి నువ్వే తీసుకెళ్ళి వాళ్ళింట్లో ఇచ్చి రా. ఇంటావిడ చేతికి ఇవ్వు, అరుగు మీద పెట్టి రావద్దు. నీ తీగ అంత బాగా వచ్చిందంటే నాకు భలే సంతోషంగా ఉంది. చూడాలనిపిస్తోంది.

బీరకాయను లేతగా ఉన్నప్పుడే కోయి. గోరు గుచ్చి చూస్తే సులువుగా దిగాలి. నీకు సెలవు ఆదివారం కదా అని ఆదివారం దాకా ఉంచితే నారెక్కి పీచవుతుంది. మీ అమ్మతో కోయించు. మీ అమ్మకు తోడబుట్టిన మా ఆయన పోలికే, చెట్టు మీది కాయను చూసి మురుస్తూ కూర్చుంటుంది గానీ కోయదు.

ఇక్కడ అనపకాయలు అయిపోవచ్చాయి. ఈ ఏడు మంచు బాగా పడింది, కాయ చేతిలో పట్టుకుంటే ఆ మంచు వాసన మర్నాటికీ పోలేదు. చివరి కోతకు గింజలు నానబెట్టి పప్పు పితికి కూర చేశాను. పితికి పితికి వేళ్ళు నానిపోయాయి. నువ్వుంటే సగం పని చేసి మొత్తం తినేదానివి. చామంతి మొక్కల తలలు తుంచడం మానేశాను, ఇంక పూసినన్ని పూస్తాయి. పెరట్లో నేను పాదులు చేస్తుంటే మీ మామ కుర్చీ వేసుకుని కూర్చుని, "అక్కడ కలుపు ఉండాది, ఇక్కడ కలుపు ఉండాది" అని చూపిస్తారు. చూపించేదానికి కష్టం లేదు కదా.

నీ ఆరోగ్యం జాగ్రత్త. రైల్లో నిద్రపో, చదివింది చాలు.

మీ అత్త,
అలివేలమ్మ

*

మారికుప్పం,
ఫిబ్రవరి 12, 2025.

అత్తకు,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. రెండు రోజులు ముందే వచ్చి ఉన్నా నేను చేసింది మారేది కాదని ముందే చెబుతున్నాను.

అవమానించిన ఇంటికి మొదటి కాయ తీసుకెళ్ళి ఇవ్వాలా? అదీ ఇంటావిడ చేతికి? నువ్వు ఇలా రాస్తావని నేను కలలో కూడా అనుకోలేదు. చెంప చూపించడం, సర్దుకుపోవడం, పెద్దవాళ్ళని ఊరుకోవడం, ఇవే కదా మనల్ని ఇలా ఉంచినవి. మామ నవ్వారని రాశావు. డెయిరీలో కూడా నవ్వుకోవడానికి నా తోట దొరికింది. నవ్వనీ.

ఆదివారం ఏం జరిగిందో విను. నేనేం చేయబోతున్నానో అమ్మకు చెప్పలేదు, తను ఆ రోజు పక్కింటివాళ్ళతో కురుడుమలె గుడికి పోయింది. నల్లిలో నీళ్ళు రాగానే అందరూ చేరారు. నేను స్టూలు వేసుకుని, కటింగ్ ప్లయర్‌తో ఆ తీగ తెంపి, బూటును చేతికి అంటకుండా కాగితంతో పట్టుకుని మురుగు మోరీలో పడేశాను. తర్వాత నోటీసు చదివాను. 'పాత బూట్ల కాలం పోయింది. చెమటోడ్చి పెంచిన తోటను వెక్కిరించిన పురుషోత్తమ్ గారికి లైన్ ప్రజల ముందు ఇదే మా సమాధానం.' ఇంకా చాలా ఉంది, అన్నీ రాయను. నువ్వన్నావని కాదు గానీ 'గారు' అని నేనే పెట్టాను.

ఎవరూ ఒక్క మాట ఎదురాడలేదు. నిజం మాట్లాడితే అంతే. ఆయన వాకిట్లో నిలబడి మొత్తం విన్నాడు. లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. ఆయన భార్య ఆదిలక్ష్మమ్మ మాత్రం నిండిన బిందెను అక్కడే వదిలేసి నా వైపు చూస్తూ నిలబడింది. ఆ చూపుకు నేను భయపడలేదు.

ఫోన్లో ఒకసారి సొర విత్తనాలు పంపుతానన్నావు కదా, పంపవద్దు. పని మీద గౌరవం లేనివాళ్ళ విత్తనం నాకక్కర్లేదు.

ధన్య

*

మారికుప్పం,
ఫిబ్రవరి 18, 2025.

అత్తా,

నువ్వు జవాబు రాయలేదు. రాయకపోవడం న్యాయమే. విత్తనం గురించి రాసిన ఆ చివరి మాట పోస్టు డబ్బాలో వేశాక నాకే నచ్చలేదు. అయినా నీకు కాక ఇంకెవరికి రాయను? ఆకులు వాడిపోతున్నాయి.

నా తోటకు నీళ్ళెలా వచ్చేవో నీకెప్పుడూ వివరంగా రాయలేదు. నల్లి నీళ్ళు తాగడానికే చాలవు. ప్రతి ఇంటివాళ్ళూ బియ్యం కడిగిన నీళ్ళు, పిల్లలకు స్నానం పోసిన నీళ్ళు, బట్టల చివరి జాడింపు నీళ్ళు బక్కెట్లో పట్టి, అటు పోతూ ఇటు పోతూ మడుల్లో పోసేవాళ్ళు. నేను ఎవరినీ అడగలేదు. మొదట మారమ్మ పోసింది. మోకాళ్ళ నొప్పితో వంగి వంగి నడుస్తుందే, ఆవిడ. ఆవిడను చూసి మిగతావాళ్ళూ మొదలుపెట్టారు. నేను బెంగళూరులో ఉన్న పొద్దంతా తోట వాళ్ళ చేతుల మీదే బతికింది.

ఆ ఆదివారం నుంచి ఒక్క చెంబు కూడా పడలేదు. అందరూ నీళ్ళను తోట పక్క నుంచే తీసుకుపోయి మోరీలో పోస్తున్నారు. నా కళ్ళ ముందే పోస్తున్నారు. పొద్దున రైలుకు ముందు నేను రెండు బక్కెట్లు పోసినా ఆ నేల ఒక్క గుక్కలో తాగేసి ఊరుకుంటుంది. బీర ఆకులు పన్నెండు కొట్టకముందే గొడుగులు ముడిచినట్టు ముడుచుకుంటున్నాయని అమ్మ చెప్పింది. చెప్పింది అంటే నాతో కాదు, గోడతో. అమ్మ నాతో మాట్లాడటం లేదు. "పోయి ఆదిలక్ష్మమ్మ కాళ్ళు పట్టుకో" అంటుంది. ఎందుకని అడిగితే "అన్నీ చదివినదానివి, నీకు తెలియకుండానే చేసినావా?" అంటుంది. నిన్న నీళ్ళు అడిగితే, "నీ తోటకు నీ నోటీసే పోసుకో పో" అంది.

నిజం మాట్లాడినందుకు లైనంతా ఒకటై నన్ను వెలివేస్తే నేనైతే తట్టుకుంటాను. కనకాంబరానికి ఏం తెలుసు? ఎండ ముదరకముందే నీళ్ళు రాకపోతే తోట పోతుంది. అది పోతే ఇంకెవరూ ఈ నేలలో విత్తనం వేయరు. 'చూసినారా, పండదని ముందే చెప్పినాము' అంటారు. నా భయం అదీ.

నువ్వు తిట్టినా సరే, రాయి.

ధన్య

*

లక్కూరు,
ఫిబ్రవరి 22, 2025.

ధన్యమ్మకు,

నీ మీద కోపంతోనే రాయలేదు. విత్తనం మాట గుచ్చుకుంది. దాని సంగతి నువ్వు వచ్చినప్పుడు చూసుకుందాం. ఆకులు వాడిపోయాయన్న ఉత్తరం చదివాక కోపం పట్టుకుని కూర్చోలేకపోయాను.

ముందు ఇది చెయ్యి. ఈ ఉత్తరం అందిన సాయంత్రమే మొదళ్ళ చుట్టూ ఎండుగడ్డి గానీ, ఎండిన ఆకులు గానీ మందంగా పరువు. పొద్దున పోసేకంటే ఎండ దిగాక పోస్తే నీళ్ళు నిలుస్తాయి. ముదిరిన కాయలన్నీ కోసేయి, తీగకు మొయ్యలేని బరువు. పడమటి వైపు పాత చీర ఒకటి కట్టి నీడ చెయ్యి. మీ అమ్మ దగ్గర నేనిచ్చిన ఊదారంగు చీర ఉండాలి. ఎలాగూ కట్టుకోదు.

ఇక బూటు. అది అవమానం కాదమ్మా. దిష్టికి కట్టారు.

నీకు తెలుసనుకున్నాను. లారీ వెనక, కడుతున్న ఇంటి ముందు చెప్పు వేలాడటం నువ్వు చూడలేదా? అలాగే కాపు మీదున్న పాదుకు కూడా కడతారు. మా సొరపాదుకు మీ మామ తెగిపోయిన చెప్పు ఇప్పుడు కూడా వేలాడుతోంది. నువ్వు ఇక్కడికి వచ్చేది వేసవిలో, అప్పటికి పాదులు ఎండి పీకేసి ఉంటాం. అందుకే చూసి ఉండవు. అందరికీ తెలిసిందే కదా అని నేను విడమర్చి రాయలేదు. మామ నవ్వింది కూడా నిన్ను చూసి కాదు. తమ మట్టిలో పెరిగిన తీగకు దిష్టి తగులుతుందని పరాయి ఊళ్ళో ఒకాయన భయపడ్డాడని సంతోషం పట్టలేక నవ్వారు. డెయిరీలో చెప్పుకున్నదీ అదే.

కాపు లేని తీగకు ఎవరూ చెప్పు కట్టరు. ఇంకొకరి పాదుకు అసలే కట్టరు, వాళ్ళ దిష్టి వాళ్ళ బాధ. ఆ పెద్దాయన తన ఇంట్లోది తెచ్చి కట్టాడంటే ఏమనుకుని కట్టాడో కొంచెం ఆలోచించు. అందరి తోట అని మూడు భాషల్లో రాశావు. చదివినవాళ్ళు చాలామందే ఉంటారు. నమ్మింది ఆయనొక్కడే అనిపిస్తోంది నాకు.

సొర విత్తనాలు పెట్టాను. వద్దంటే మీ అమ్మకు ఇవ్వు.

మీ అత్త,
అలివేలమ్మ

*

మారికుప్పం,
మార్చి 2, 2025. ఆదివారం.

అత్తా,

నీ ఉత్తరం మెట్టు మీద కూర్చుని రెండుసార్లు చదివాను. లారీలకు కడతారని తెలుసు. బీరతీగకు, అదీ గని బూటు కడతారని నాకెవరు చెప్పారు? నేను పుట్టినప్పటి నుంచి మా లైన్‌లో దిష్టి తగిలేంత తోట లేదు.

ఈ రోజు పొద్దున పోయాను. చేతిలో పందిరికి మిగిలిన బీరకాయ ఒకటి, నాలుగు వంకాయలు. ఆదిలక్ష్మమ్మ అరుగు మీద చేటలో బియ్యం ఏరుకుంటోంది. తలెత్తలేదు.

"ఏం పాపా, ఈ పొద్దు ఏం చదవను వచ్చినావు?"

"చదివేదానికి రాలేదవ్వా. బీరకాయ తెచ్చినాను."

"మా ఇంటి బూటు మోరీలో. మీ ఇంటి బీరకాయ మా చేటలో. బాగుండాది న్యాయము."

"అది దిష్టికి కట్టినారని నాకు తెలీదవ్వా. నన్ను వెక్కిరించను కట్టినారు అనుకొన్నాను."

ఆవిడ చెయ్యి చేటలోనే ఆగింది. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. లోపలికి తిరిగి, "ఇదో, వింటిరా? పాపకు తెలీనే తెలీదంట. మనమేమో తెలిసే పారేసింది అనుకొని ఇన్ని దినాలు కుమిలి చస్తా ఉంటిమి" అంది.

అప్పుడు అర్థమైంది నాకు. గుర్తుందా, రాబర్ట్‌సన్‌పేట బజారులో కిరాణా అంగడాయన గుమ్మానికి నిమ్మకాయ కట్టుకుంటే నేను ఉపన్యాసం ఇచ్చి జగడం పెట్టుకున్నాను? అది లైనంతటికీ తెలుసు. అందుకని దిష్టి బూటని తెలిసే, దిష్టిని నమ్మనిదాన్ని కాబట్టే, పెద్దాయన ప్రేమగా కట్టినదాన్ని కావాలని మోరీలో వేశానని అందరూ అనుకున్నారు. అమ్మ కూడా. దానికి తోడు 'పాత బూట్ల కాలం పోయింది' అని నా నోటీసు. ఎవరైనా ఎందుకు వివరించి చెబుతారు?

పురుషోత్తమ్ తాత తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. ఆయన ముందు బీరకాయ తీసుకుని గోరు గుచ్చి చూశాడు.

"లేతగానే ఉండాది" అన్నాడు.

"తప్పయింది తాతా."

"చెప్పైతే గాలికి ఎగిరిపోతుందని బూటు కట్టినాను పాపా. ఇంగ ఆ బూటు గని లోపల అన్నేండ్లు నన్ను కాచింది. తీగను కాయదా అనుకొంటి."

"నన్ను చూసి నవ్వినారు కదా నల్లి దగ్గర. దానికే అనుకొన్నాను."

"నవ్వినాను. నువ్వు అడిగిన మాట విని ఇంటికొచ్చి మళ్ళా నవ్వుకొన్నాను. బంగారం ఎవరింటికి పోయిందని నన్ను ఇంతవరకు ఎవరూ అడిగింది లేదు. నీ తీగకు కట్టల్లని బూటు తీసి తుడిచి పెట్టింది ఆ పొద్దే."

బూటు ఎక్కడుందని అడిగాను. నీ ఉత్తరం చదివాక నేను కట్టె తీసుకుని మోరీలో వెతికితే దొరకలేదు. ఆయన నేను పారేసిన రోజు మధ్యాహ్నమే తీసుకొచ్చి కడిగి ఎండలో పెట్టాడట. నేనే మళ్ళీ కడతాను, ఇవ్వమన్నాను. ఇవ్వనన్నాడు.

"ఇప్పుడు ఏముండాదని కట్టేది? ఆకులన్నీ యాలాడతా ఉండాయి. దిష్టి తగిలేట్ల పెంచు ముందు. అప్పుడు అడుగు."

నాకు రోషం వచ్చింది. అయినా మంచి రోషమే వచ్చింది. "నాకు దిష్టి మీద నమ్మకం మాత్రం లేదు తాతా" అన్నాను, ఆ ఒక్క మాట దాచుకోలేక. ఆదిలక్ష్మమ్మ చేట కింద పెట్టి, "నీ నమ్మకం ఎవరికి కావల్ల? బూటుకా?" అంది.

అక్కడి నుంచి నల్లి దగ్గరకు పోయి పాత నోటీసు చింపేసి, రాత్రంతా రాసుకున్న కొత్త నోటీసు చదవడం మొదలుపెట్టాను. శ్రమ, అపార్థం, పెద్దల జీవితానుభవం అని ఇంకా మొదటి పేజీలోనే ఉన్నాను. మారమ్మ అడ్డం వచ్చింది.

"ఇంత పొడుగు ఎందుకు పాపా? నల్లిలో నీళ్ళు నిలిచిపోతాయి. తప్పయింది, నీళ్ళు పోయండి అను. సాలు."

అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పటికప్పుడే ఎవరో బియ్యం కడిగిన నీళ్ళు వంకాయల మడిలో పోసి వెళ్ళారు. ఆ చప్పుడు విని నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నువ్వు ఎవరికీ చెప్పకు.

అయితే మారమ్మ అంతటితో వదల్లేదు. "పోస్తాములే. కానీ ఈ మోకాళ్ళతో దినామూ బక్కెట్టు మొయ్యను నా వల్ల కాదు. నీళ్ళే నడిచి పోవల్ల" అంది. నడవాలంటే కాలవ తీయాలన్నాను నేను. స్నానాలు చేసే ప్రతి బచ్చలింటి నుంచీ నీళ్ళు చిన్న కాలవలో పడి, అన్నీ కలిసి తోటకు రావాలి. ఇక చూడు గోల. కాలవ మా గోడ కింద పోకూడదని ఒకరు, మా వాకిట్లో దోమలు వస్తాయని ఒకరు. ఆదిలక్ష్మమ్మ తన మల్లెపాదును అంగుళం కూడా కదిలించనంది. తాత కట్టెతో నేల మీద గీత గీసి, మల్లెపాదు దగ్గర వంపు తిప్పి, "దీని చుట్టూ తిరిగి పోనీ. గనిలో మాకు అలవాటే, రాయి అడ్డమొస్తే చుట్టూ తిరిగి పోయేది" అన్నాడు. దాంతో సద్దుమణిగింది.

ఒక బీరపాదు పోయింది అత్తా. పీకేశాను. మిగతావాటికి నీ ఊదా చీర నీడ కట్టాం. అమ్మ ఇప్పుడు గోడతో కాక నాతోనే మాట్లాడుతోంది. మొదటి మాట ఏంటో తెలుసా? "ఆ చీర చానా బాగుండె."

సొర విత్తనాలు అమ్మకు ఇవ్వలేదు. నేనే నానబెట్టాను.

నీ ధన్య

*

లక్కూరు,
మార్చి 6, 2025.

ధన్యమ్మకు అత్త ఆశీస్సులు.

ఈ ఉత్తరాన్ని మీ మామ తనే చదువుకుంటానని లాక్కున్నారు. తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటూ అరుగు మీద కూర్చుని మధ్యాహ్నం దాకా చదివారు. మధ్యలో రెండుసార్లు ముక్కు చీదుకున్నారు. జలుబు అన్నారు.

కాలవ మంచి ఆలోచన. ఒక జాగ్రత్త. సబ్బునీళ్ళు మెంతికీ కొత్తిమీరకూ పోనివ్వకు, వాటిని పచ్చిగా తింటాం. వాటికి బియ్యం కడిగిన నీళ్ళే విడిగా పోయండి. తోటకు చేరే ముందు ఒక చిన్న గుంట తీసి అరటి పిలక ఒకటి నాటండి. అరటికి సబ్బూ లేదు, గంజీ లేదు, అన్నీ తాగి దిట్టంగా వస్తుంది. దాన్ని దాటి వచ్చిన నీళ్ళు మిగతావాటికి. పిలక ఇక్కడ నా పెరట్లో తల్లిచెట్టు పక్కనే ఉంది, ఎవరు తీసుకొస్తారో నీకు తెలుసు కదా. ఈసారి బండిలో తిట్లు తినకుండా చాపలో చుట్టి తెస్తానంటున్నారు.

నేను కూడా వస్తాను. ఇన్నాళ్ళూ కాగితం మీద తోట చూశాను. పురుషోత్తమ్ గారి ఇంటావిడకు చామంతి నారు ఇస్తానని చెప్పు. మల్లెపాదును కదిలించనన్న మనిషి అంటే నాకు ముందే ఇష్టం పుట్టింది. ఎన్ని గంటలకు మొదలుపెడతారో రాయి. మాలూరులో పొద్దున బండి పట్టుకుంటే ఆలస్యమవుతుందేమో, ముందు రోజే రావాలేమో తెలియాలి.

మీ అత్త,
అలివేలమ్మ

*

మారికుప్పం,
మార్చి 9, 2025. ఆదివారం.

అత్తకూ, మామకూ,

ముందు రోజే రండి. శనివారం సాయంత్రం నేను స్టేషన్లో ఉంటాను. అరటి పిలకను నేను మోస్తాను, మామ పక్కన నడుస్తూ ఎక్కడ జాగ్రత్తగా పట్టుకోవాలో చూపిస్తే చాలు.

తోట కోలుకుంటోంది. తెల్లారి చూస్తే బీరతీగ కొసన కొత్త ఆకు ఒకటి, గోరంత, లేత పచ్చగా ముడుచుకుని ఉంది. వంకాయకు పూత వచ్చింది. కనకాంబరం ఒక్కటే ఇంకా అలిగి ఉంది. దాని పక్కన రోజూ కాసేపు కూర్చుంటున్నాను. ఎండలు ముదురుతున్నాయి కాబట్టి కాలవ ఈ వారం తప్పితే కుదరదు. వచ్చే నెల నేల గునపానికి లొంగదని తాత అంటున్నాడు.

ఒకటి చెప్పాలి నీకు. ఇన్నాళ్ళూ నేను రైల్లో చదివిన పుస్తకాల్లో ప్రజలు, ప్రజలు అని ఉండేది. ఆ మాట చదివితే నాకు జెండాలు, ఊరేగింపులు కనిపించేవి. ఇప్పుడు మోకాళ్ళు పట్టుకుని తిట్టుకుంటూ బక్కెట్టు మోసే మారమ్మ కనిపిస్తోంది. కోపం పోలేదత్తా, పోదు కూడా. ఇంత నేలను, ఇంతమంది చేతులను ఊరికే వదిలేసి పోయినవాళ్ళ మీద నా కోపం అలాగే ఉంది. అది ఎదురింటివాళ్ళ మీద పడకుండా చూసుకోవడం నేర్చుకుంటున్నాను.

కింద రాసింది ఈ రోజు నల్లి దగ్గర అంటించిన నోటీసు. మారమ్మ మాట విని చిన్నగానే రాశాను. ఆదిలక్ష్మమ్మ చదివించుకుని ఒక్క మాట మార్చమంది: 'దయచేసి' తీసేయమంది. మన పనికి మనల్ని ఎవరు బతిమాలాలి అంది. తీసేశాను.

నీ,
ధన్య

లైన్ వాళ్ళందరికీ:

మన ఇళ్ళలో వాడిన నీళ్ళు మోరీలో పోతున్నాయి. వాటిని తోటకు తిప్పడానికి కాలవ తవ్వుతున్నాం. గీత గీసి ఉంది, ఎవరి గోడకూ తగలదు. గునపం, పార ఉన్నవాళ్ళు తెండి. లేనివాళ్ళు తట్ట తెండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు పీట తెచ్చుకుని కూర్చుని ఎవరు సరిగా తవ్వడం లేదో చెప్పండి. లక్కూరు నుంచి చుట్టాలు అరటి పిలకతో వస్తున్నారు. ఎండ ఎక్కేలోపు మొదటి నీళ్ళు తోటలో పారాలి.

మార్చి 16, ఆదివారం. పొద్దున సరిగ్గా ఆరున్నరకు, నల్లి దగ్గర. అందరూ రండి.